శ్రీలంక తూర్పు ప్రావిన్స్: ఎవరూ మెజారిటీ కాని తీరం

శ్రీలంకలోని 9 ప్రావిన్సుల్లో భూమి, భాష, జనాభా లెక్కల చుట్టూ ఎడతెగని వాదం నడిచే ప్రాంతం తూర్పు ప్రావిన్స్. తమిళులు, ముస్లింలు, సింహళులు ముగ్గురూ పెద్ద సంఖ్యలో ఉన్న ఈ తీరంలో ఏ ఒక్కరికీ సగం వాటా లేదు.

నైసర్గిక స్వరూపం

బంగాళాఖాతం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి ట్రింకోమలీ, బట్టికలోవా, అంపారా జిల్లాలు వరుసగా ఉంటాయి. విస్తీర్ణం దాదాపు 10 వేల చదరపు కిలోమీటర్లు. అంటే దేశ భూభాగంలో సుమారు 15 శాతం. రాజధాని ట్రింకోమలీ. ప్రపంచంలోని లోతైన సహజ నౌకాశ్రయాల్లో ఒకటి ఇక్కడే ఉంది. 1957 వరకు అది బ్రిటిష్ నౌకాదళ స్థావరం. దేశంలోకెల్లా పొడవైన మహావేలి నది ఈ నగరానికి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది.

బట్టికలోవాలో సముద్రానికి సమాంతరంగా పొడవాటి ఉప్పునీటి కయ్య ఉంది. ఊళ్లు ఎక్కువగా కయ్యకూ కడలికీ మధ్యనున్న ఇసుక నేల మీదే కిక్కిరిసి ఉంటాయి. పొలాలు పడమటి వైపున. వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవే కనుక మిగతా కాలంలో వరికి చెరువులు, జలాశయాలే ఆధారం. తీరాన్ని అంటిపెట్టుకున్న ఈ జీవనమే 2004 సునామీలో శాపమైంది. దేశంలో అత్యధిక మరణాలు అంపారా జిల్లాలోనే సంభవించాయి.

జనాభా

2012 జనగణన ప్రకారం ప్రావిన్స్ జనాభా సుమారు 15.5 లక్షలు. ఇందులో తమిళులు దాదాపు 40 శాతం, ముస్లింలు 37 శాతం, సింహళులు 23 శాతం. జిల్లాల వారీగా చూస్తే చిత్రం మారిపోతుంది. బట్టికలోవాలో నూటికి 70 మందికి పైగా తమిళులే. అంపారా, ట్రింకోమలీల్లో ముస్లింలది పెద్ద వాటా అయినా అక్కడ కూడా సగానికి చేరలేదు.

ముస్లింల మాతృభాష కూడా తమిళమే. కాబట్టి భాషను బట్టి లెక్కిస్తే నాలుగింట మూడొంతుల మంది తమిళం మాట్లాడేవారే. కానీ ముస్లింలు తమను వేరే సమాజంగానే భావిస్తారు. రెండు సమాజాల్లోనూ పెళ్లయిన కూతురికి ఇల్లు రాసివ్వడం, అల్లుడు అక్కడికే కాపురానికి రావడం ఆనవాయితీ. ఆచారాలు ఇంత దగ్గరగా ఉన్నా యుద్ధకాలంలో ఇరుగుపొరుగు ఊళ్ల మధ్యే నెత్తురు పారింది.

తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. అంపారా జిల్లా అక్కరైపట్టు సమీపంలోని అలిగంబై గ్రామంలో, తరతరాలుగా పాములాడిస్తూ, జోస్యం చెబుతూ సంచార జీవనం గడిపిన అహికుంటక కుటుంబాలు స్థిరపడ్డాయి. వారి ఇంటి భాష తెలుగు యాసే.

లెక్కలు ఎందుకు మారాయి?

1921 జనగణనలో ఇక్కడ సింహళుల వాటా 5 శాతం లోపే. 1949లో మొదలైన గల్ ఓయా సాగునీటి పథకం, ట్రింకోమలీలోని మరికొన్ని పథకాల కింద ఇతర ప్రాంతాల సింహళ రైతులను పెద్ద ఎత్తున స్థిరపరిచారు. భూమిలేని రైతులకు భూమి ఇచ్చామన్నది ప్రభుత్వాల మాట. తమ ప్రాంత జనాభా స్వరూపాన్నే మార్చేశారన్నది తమిళ నేతల ఆరోపణ. 1961లో బట్టికలోవా నుంచి అంపారాను విడదీసి కొత్త జిల్లా చేశారు.

విలీనం, విభజన

1987 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం ఉత్తర, తూర్పు ప్రావిన్సులను తాత్కాలికంగా కలిపింది. కొనసాగింపుపై తూర్పు ప్రజల అభిప్రాయం కోరుతూ రెఫరెండం జరపాలన్నది షరతు. అది ఎన్నడూ జరగలేదు. విలీనం చెల్లదని 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో 2007 జనవరి 1 నుంచి రెండూ విడిపోయాయి. తూర్పు ప్రావిన్స్ మండలికి 2008లో, 2012లో ఎన్నికలు జరిగాయి. 2017లో గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలు లేక పాలన గవర్నర్ చేతికి వెళ్లింది.

ఉత్తరంతో కలిస్తే ముస్లింల వాటా బాగా తగ్గిపోతుంది. విడిగా ఉంటే తమిళులు కోరిన ఉమ్మడి ప్రాంతం ఉండదు. అందుకే ఇక్కడ ప్రతి జనగణనా రాజకీయ పత్రమే.