జాతి అంటే ఏది?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కాలేజీకి బస్సులో వచ్చిపోయే మా దూదేకుల పిల్లవాడొకడు ఆ మధ్య నన్నడిగాడు: “మామా, పుస్తకంలో జాతి అంటే దేశమంటారు. కోపమొస్తే మీ జాతే అంత అంటారు. ఇందులో నాది ఏ జాతి?”

వాడి ఇంట్లో మాట తెలుగు. నమాజు అరబీ. వాడి ఉర్దూ సాయిబులకు నవ్వులాట. వాడి తెలుగు మిగతావాళ్లకు ఆశ్చర్యం. ఎటు పోయినా పరీక్షే.

జవాబు కోసం మా ఊళ్ల చరిత్రే తిరగేశాను.

1800లో నిజాం దత్త మండలాలనూ, కర్నూలు నవాబు మీద తన పెత్తనాన్నీ కంపెనీకి రాసిచ్చాడు. అడిగింది ఎవర్ని? హిందువునీ అడగలేదు, ముసల్మానునీ అడగలేదు. అయినా నవాబులు ముసల్మానులు కాబట్టి మేమంతా ఒకప్పటి పాలకులమట! దూది ఏకిన మా ముత్తాతకు ఏ సింహాసనంలో వాటా ఉంది?

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేశాడని కంపెనీ దండెత్తింది. రాజ్యం లాక్కుని అతన్ని తిరుచిరాపల్లికి పంపింది. 1840లో అక్కడే ప్రాణం పోయింది. ఏడేళ్లు తిరక్కుండా, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. మాకూ సంతోషమే. కానీ ఇద్దరూ పోతున్న హక్కు కోసం కంపెనీకి ఎదురునిలిచినవాళ్లే. ఇప్పటి అర్థంలో జాతి అనే మాట ఇద్దరికీ తెలియదు. ఆ మాటను తర్వాత మనం ఒకరికి కట్టబెట్టాం, ఇంకొకరికి కట్టబెట్టలేదు. ఎందుకని?

1928లో నంద్యాలలో జరిగిన సభలో దత్త మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. ఎవడో ఎవడికో ఇచ్చేసిన నేల అనే పేరును జనం వదిలించుకున్నారు. ఎదుటివాడు పెట్టిన పేరు మొయ్యనక్కర్లేదని నేర్పిన ఊరు మాది. ఆ రాయల సైన్యంలో ముసల్మాను సిపాయిలూ ఉన్నారని ఎంతమందికి గుర్తు?

1991 ఉప ఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని నంద్యాల పీవీ నరసింహారావును 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించింది. తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. ఆ ఓట్లలో మావీ ఉన్నాయి. అప్పుడు మేం ఉత్త తెలుగువాళ్లం. మరుసటేడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. మా ఓటుతో గెలిచిన ప్రధాని ఢిల్లీలోనే ఉన్నాడు. ఆ రాత్రి మేం ఉత్త తురకలమైపోయాం. 1996లో నంద్యాల మళ్లీ ఆయన్నే గెలిపించింది.

తప్పంతా బయటిదేనా? ఖౌమ్ అన్న ఉర్దూ మాటకూ జాతికున్నంత తికమక ఉంది. ఖౌమ్ వతన్‌ని బట్టి ఏర్పడుతుంది, మతాన్ని బట్టి కాదు అని దేవ్‌బంద్ మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ 1938లోనే పుస్తకం రాశాడు. సరే. మరి ఆ ఖౌమ్ లోపల? దూదేకులవాడికి పిల్లనివ్వని సాయిబు ఉమ్మత్ మీద ఉపన్యాసమిస్తాడు. ప్రభుత్వం దగ్గరా వేరు గళ్లే: మావాళ్లు బీసీ-బి, 2007లో వచ్చిన బీసీ-ఇ ఇంకొందరిది. అన్యాయం అడగాల్సినప్పుడు మాత్రం అందరం ఒక్కటి కావాలట!

1947లో మావాళ్లు దేశభక్తితో ఇక్కడ ఉండిపోయారని గొప్పగా చెబుతుంటారు. ఆ పొగడ్తా నాకొద్దు. పోవాలన్న ఊహే రానివాళ్లు వాళ్లు. ఏకాల్సిన దూది ఇక్కడుంది, పూడ్చిన తాత ఇక్కడున్నాడు. ఉండటానికి కారణం చెప్పుకోవలసింది అతిథి. ఇంటివాడు కాదు.

అందుకే పిల్లవాడితో ఇలా అన్నాను: నీ జాతి ఏదో నిరూపించమంటే నిరూపించొద్దురా. నిన్ను అడిగినవాణ్ణి అదే ప్రశ్న ఎవరూ ఎందుకడగరో, ముందు అది అడుగు. మన ఇంట్లోనూ అడుగు.