ఇంజను కుదరని మారుత్

కెనడా ప్రభుత్వము 1959లో రద్దు చేసిన ‘యారో’ యుద్ధవిమానమును గూర్చి 1997లో ఒక టీవీ మినీ ధారావాహిక వచ్చినది. దానికి దగ్గరి కథ మనకును కలదు.

జర్మన్ నిపుణుడు కర్ట్ టాంక్ 1956లో మన దేశమునకు వచ్చి, ధ్వనివేగమునకు రెట్టింపు వేగముతో పోవలెనని ‘మారుత్’ విమానమును రూపొందించెను. 1961 జూన్ 17న బెంగుళూరులో సురంజన్ దాస్ దానిని తొలిసారి ఎగురవేసెను. ఆకృతి చక్కనిదే, చిక్కంతయు ఇంజనుతోనే. కావలసిన శక్తిగల ఆర్ఫియస్ ఇంజను బ్రిటనులో పూర్తికావలెనన్నచో మనము డబ్బు పెట్టవలెను. పెట్టలేదు. పొదుపే, కాని ఎంత ఖరీదైన పొదుపు! ఒక్కొక్కటి సుమారు 2,200 కిలోల బలముతో నెట్టు చిన్న ఇంజనులు రెండు అమర్చిరి. ధ్వనివేగమును సమీపించినకొలది గాలి అడ్డు ఒక్కసారిగా హెచ్చును. నెట్టు బలము చాలక మారుత్ ఇంచుమించు ఆ గట్టు వద్దనే ఆగినది. ఈజిప్టులో తయారగుచుండిన ఇంజనుపై ఆశ పెట్టుకొనిరి. 1969లో అదియు రద్దయినది. 147 విమానములు కట్టిరి. 1971 యుద్ధమున అవి పనిచేసినవి. 1990లో సేవనుండి తొలగించిరి.

పలాసలో రైలెక్కి ఇచ్ఛాపురము దాటినచో బరంపురము వచ్చును. అచ్చట 1943లో జన్మించిన కోట హరినారాయణ తరువాతి యుద్ధవిమానము ‘తేజస్’ నిర్మాణమునకు సారథ్యము వహించెను. 2001 జనవరి 4న అది ఎగిరినది, అమెరికా ఇంజనుతో. దానికొరకు 1989లో తలపెట్టిన స్వదేశీ ‘కావేరి’ ఇంజనును 2008లో తేజస్ నుండి వేరుచేసిరి.