చేతికి వేసిన తాళం

ఉత్తర ఇంగ్లండ్‌లోని సెటిల్ స్టేషన్ దగ్గర చెక్కతో కట్టిన చిన్న సిగ్నల్ క్యాబిన్ ఒకటి ఉంది. 1891 నాటిది, మిడ్‌లాండ్ రైల్వే వారిది. ఆ కంపెనీ ప్రతి స్టేషన్‌కీ కొత్త నమూనా గీయించేది కాదు. ఒకే కొలతల చెక్క పలకలు తయారుచేయించి, పట్టాల పక్కన నిలబెట్టి బిగించేది. నాలుగు వైపులకూ వాలిన కప్పు, పై అంతస్తుకు వరసగా అద్దాలు. ఆ అద్దాలు సోకు కోసం కాదు. దాటిపోయే రైలు వెనక దీపం కనబడిందో లేదో క్యాబిన్ మనిషి చూసుకోవాలి. కనబడలేదంటే కొన్ని పెట్టెలు తెగి దారిలోనే ఆగిపోయి ఉండవచ్చు.

పైన, రైలు దారి మళ్లించే పాయింట్లనూ సిగ్నళ్లనూ కదిపే 20 లివర్లు. చెమట తగిలితే పిడి తుప్పు పడుతుందని గుడ్డతోనే పట్టుకునేవారు. అసలు పనితనం మాత్రం లివర్ల మధ్య ఉన్న ఇంటర్‌లాకింగ్‌ది. పాయింట్లు పక్క లైనుకు తిరిగి ఉంటే మెయిన్ లైన్ సిగ్నల్ లివర్ ఎంత గుంజినా రాదు. 1856లో జాన్ సాక్స్‌బీ తీసుకున్న పేటెంటు దీనికి తొలి మెట్టు. మన స్టేషన్ల క్యాబిన్లూ నడిచింది ఈ సూత్రం మీదే.

ఇంత మంచి ఏర్పాటును అన్ని కంపెనీలూ వెంటనే పెట్టుకోలేదు, ఖర్చు మరి. 1889 జూన్‌లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారానికి బయల్దేరిన రైలు నుంచి విడదీసిన పెట్టెలు ఎత్తు మీంచి వెనక్కి జారి, వచ్చే రైలును గుద్దాయి. దాదాపు 80 మంది పోయారు, వారిలో చాలామంది పిల్లలు. మూడు నెలలు తిరక్కుండానే పార్లమెంటు చట్టం చేసి ఇంటర్‌లాకింగ్‌నూ, రెండు క్యాబిన్ల మధ్య ఒకే రైలు ఉండాలన్న బ్లాక్ పద్ధతినీ ప్రయాణికుల లైన్లకు తప్పనిసరి చేసింది.

అయితే ఆ తాళం చేతికే, మతిమరుపుకు కాదు. ఇదే సెటిల్-కార్లైల్ మార్గంలో, 1910 డిసెంబర్ 24 తెల్లవారుజామున, హాస్ జంక్షన్ క్యాబిన్‌లో పని ఒత్తిడిలో ఉన్న సిగ్నల్‌మన్ మెయిన్ లైను మీద తానే నిలిపిన రెండు ఖాళీ ఇంజన్లను మరిచిపోయాడు. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఇచ్చాడు. అది తమకే అనుకుని ఇంజన్లు కదిలాయి. ఎక్స్‌ప్రెస్ వాటిని అందుకుంది. 12 మంది చనిపోయారు. అన్ని లివర్లూ నియమం ప్రకారమే కదిలాయి! పట్టా మీద బండి ఉంటే దానంతట అదే తెలిపే ట్రాక్ సర్క్యూట్లను మిడ్‌లాండ్ విరివిగా వేయించింది ఆ తర్వాతే.

సెటిల్ క్యాబిన్ 1984లో మూతపడింది. 1997లో దాన్ని సుమారు 150 గజాలు జరిపి, ఔత్సాహికులు బాగుచేశారు. లివర్లకు ఇప్పుడు నడిచే లైనుతో సంబంధం లేదు. అయినా వరస తప్పి లాగితే లివర్ కదలదు.