పక్షం మారిన కుర్రవాడు

ఐరోపాలో చారిత్రక నవలకు ఒరవడి పెట్టిన పుస్తకంలో కథానాయకుడు రాజూ కాడు, మహావీరుడూ కాడు. ఎటు ఉండాలో తేల్చుకోలేని ఒక కుర్రవాడు. 1814 జులైలో ఎడింబరోలో రచయిత పేరు లేకుండా వెలువడిన ఆ నవల ‘వేవర్లీ’. రాసింది వాల్టర్ స్కాట్. కొన్ని అధ్యాయాలు రాశాక స్నేహితుడొకరు పెదవి విరిస్తే పక్కన పడేశాడు. ఏళ్ల తరవాత చేపల గాలాల కోసం వెతుకుతుంటే ఆ కాగితాలు దొరికాయని ఆయనే చెప్పుకున్నాడు.

కథాకాలం 1745. తాత పోగొట్టుకున్న సింహాసనం కోసం స్టూవర్ట్ రాకుమారుడు చార్లెస్ స్కాట్లండ్ కొండజాతులను కూడగట్టి జార్జి రాజు మీద తిరగబడ్డ ఏడాది. ఎడ్వర్డ్ వేవర్లీ జార్జి సైన్యంలో కుర్ర అధికారి. ఇంట్లోనే రెండు పక్షాలు: తండ్రిది ప్రభుత్వ కొలువు, పెదనాన్నది స్టూవర్టుల మీద అభిమానం. సెలవు మీద వెళ్లి తెగ నాయకుడు ఫెర్గస్ ఆతిథ్యంలో, అతని సోదరి ఫ్లోరా మీద మనసుపడి అక్కడే ఉండిపోయాడు. ఈలోగా అతని ముద్రను ఎవరో కాజేసి, దానితో అతని దళంలోనే తిరుగుబాటు రేపారు. కొలువు పోయింది. తండ్రి పదవీ పోయింది. ఆ అవమానంలో ఉన్నవాణ్ణి రాకుమారుడు ఆదరంగా పలకరించాడు. అటు చేరిపోయాడు.

స్కాట్ గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. వేవర్లీని కదిలించింది సిద్ధాంతం కాదు. దెబ్బతిన్న పరువు, దొరికిన ఆదరణ. అందుకే ప్రెస్టన్‌పాన్స్ యుద్ధంలో తన పాత పై అధికారి గార్డినర్ నేలకొరుగుతుంటే అతని గుండె నిలవదు. ఆ పోరులోనే శత్రువైన కర్నల్ టాల్బట్ ప్రాణం కాపాడతాడు. తరవాత టాల్బట్ ఇతనికి క్షమాభిక్ష ఇప్పిస్తాడు.

ఈ ఘట్టానికి మూలం నిజంగా జరిగిన కథే. ఇన్వర్‌నాహైల్‌కు చెందిన అలెగ్జాండర్ స్టూవర్ట్ అదే యుద్ధంలో కర్నల్ వైట్‌ఫర్డ్‌ను చావు నుంచి తప్పించాడు. తిరుగుబాటు అణగారాక వైట్‌ఫర్డ్ కంబర్లండ్ డ్యూక్ దగ్గరికి వెళ్లి అలెగ్జాండర్ కుటుంబానికి రక్షణ అడిగాడు. కాదంటే తన సైనిక పదవీపత్రాన్నే తీసి ముందు పెట్టేశాడు. డ్యూక్ దిగివచ్చాడు. ఈ వృద్ధ స్టూవర్ట్ స్కాట్ తండ్రికి కక్షిదారు. ఆయన నోటి కథలు వింటూ స్కాట్ పెరిగాడు.

నవలలో మాట తప్పని ఫెర్గస్‌కు కార్లైల్‌లో మరణశిక్ష పడింది. అటూ ఇటూ ఊగిన వేవర్లీకి ఇల్లూ ఇల్లాలూ దక్కాయి. ఈ అన్యాయాన్ని స్కాట్ కప్పిపుచ్చలేదు. నాయకుడు మరీ చప్పగా ఉన్నాడని విమర్శకులు అన్నారు, స్కాట్ కూడా అతన్ని తక్కువ చేసే మాట్లాడాడు. హంగరీ విమర్శకుడు లూకాచ్ మాత్రం ఇలాంటి మధ్యస్థుడి వల్లనే రెండు శిబిరాలూ పాఠకుడికి కనబడతాయని వాదించాడు. నాకు లూకాచ్ మాటే సరైనదనిపిస్తుంది: ఫెర్గస్ కళ్లతో చూస్తే టాల్బట్ మంచితనం మనకు ఎన్నటికీ తెలిసేది కాదు.