నర్సమ్మ బిళ్ళ

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో సర్కారు మనిషిని దూరం నుంచే పోల్చుకోవడానికి జనానికి ఒక గుర్తుండేది. భుజం మీంచి నడుముకు వాలే డవాలీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. బిళ్ళబంట్రోతు ఊళ్ళో అడుగుపెట్టాడంటే శిస్తుకో, సమనుకో, వెట్టికో వచ్చాడనే లెక్క.

విశాఖ మన్యంలో ఆ బెదురు ఇంకాస్త ఎక్కువ. 1839 చట్టం ఈ కొండలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. గూడెంలో బాస్టియన్ అనే అధికారి రోడ్డు పనుల పేరుతో గిరిజనులను పిండుకుతిన్నాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి అలాంటి కడుపుమంటే కారణం.

ఆ మరుసటి ఏడే విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి వచ్చింది. అరకు, పాడేరు వాళ్ళు జబ్బు ముదిరితే నేటికీ కొండ దిగి చేరేది అక్కడికే. అక్కడ కనిపించే బిళ్ళ వేరు. అది నర్సమ్మది.

దాని కథ ఇంగ్లండు నుంచి ఎత్తుకోవాలి. అక్కడ నర్సు చదువు గట్టెక్కిన అమ్మాయికి వెండి బకిల్ ఇచ్చుకోవడం ఒక ముచ్చట. నకాషీ చెక్కిన రెండు ముక్కలు నడుం మీద కలిసి కొక్కెం పడతాయి. ఎంత సోకైనదైనా అది డబ్బు పెడితే దొరికే వస్తువే. బ్యాడ్జీ, అంటే మన బిళ్ళ, అలా కాదు, పరీక్ష నెగ్గితేనే చేతికొస్తుంది. అక్కడ 1919లో నర్సుల రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. మనకు 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరుంటేనే బిళ్ళకు విలువ.

తెల్లగౌను, టోపీ ఉన్నన్నాళ్ళూ బెల్టు, బకిల్ సాగాయి. చీరకట్టు వచ్చాక బకిల్‌కు పని లేకపోయింది. బ్యాడ్జీ మాత్రం భుజం దగ్గర కుచ్చిళ్ళ మీదికి ఎక్కి నిలదొక్కుకుంది. కొందరు దాని పక్కనే తలకిందులుగా వేలాడే చిన్న గడియారం పెట్టుకునేవారు. పెట్టుకున్న మనిషి తల వంచి చూస్తే అంకెలు నిటారుగా కనిపిస్తాయి, నాడి లెక్కపెడుతూ టైము చూసుకోవచ్చు.

బ్యాడ్జీల మీద దీపం బొమ్మ తరచూ కనిపిస్తుంది. క్రిమియా యుద్ధంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ రాత్రిళ్ళు పట్టుకు తిరిగింది మడతపెట్టే టర్కీ లాంతరు. బొమ్మలో మాత్రం ముక్కు సాగిన నూనె దీపమే ఉంటుంది. నిజం కన్నా అందం గెలిచిన సందర్భమిది. మనవాళ్ళకీ ప్రమిదకు దగ్గరగా ఉన్న ఆ రూపమే నచ్చినట్టుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కొండకు చేరింది ఆసుపత్రి నర్సు కాదు, ఏఎన్‌ఎమ్ అనే సహాయక నర్సు-మంత్రసాని. ఆరోగ్య సిబ్బంది పనిని పరిశీలించిన కర్తార్ సింగ్ కమిటీ 1973లో చెప్పినమీదట ఆమె పేరు బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మారింది, పనుల పట్టికా పెరిగింది. జనం నోట మాత్రం ఎప్పటిలాగే నర్సమ్మే. బుధ, శనివారాల్లో టీకా పెట్టె భుజాన వేసుకుని వాగులు దాటేది ఆమే. 2005 తర్వాత ఆశా కార్యకర్త తోడైంది. గిరిజన గూడెంలో ఆశా సాధారణంగా ఆ ఊరి మనిషే కనుక ఆమెకు గుర్తింపు బిళ్ళతో అంత పనిలేదు. కింది నుంచి బదిలీ మీద వచ్చిన నర్సుకే దాని అవసరం. సర్కారు బిళ్ళంటే బెదిరిన నేల మీద ఆమె నమ్మకం సంపాదించుకోవాలి.

ఇప్పుడు ఇత్తడి, ఎనామెల్ పోయి మెడలో ప్లాస్టిక్ కార్డు వేలాడుతోంది. కార్డు మీద ఇంగ్లీషు హోదా, ఐడీ నంబరు ఉంటే కాన్పు నొప్పులతో వచ్చిన, కువి మాట్లాడే కోందు తల్లికి ఏం ఉపయోగం? కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషలకు తెలుగు లిపిలో పాఠ్యపుస్తకాలే వేసిన రాష్ట్రం ఇది. నర్సమ్మ పేరును పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి, కిందనే ఆమెకు ఏ కొండభాష వచ్చో ఒక్క ముక్క చేర్చడం పెద్ద ఖర్చేమీ కాదు. పాడేరు అధికారులు ఈ పని తలకెత్తుకోవాలి.