పల్నాడులో కమ్యూనిస్టు పార్టీలపై వామపక్ష విమర్శ

ఎన్నికల బాట పట్టిన కమ్యూనిస్టు పార్టీలు, వాటి వెంట నడిచే కార్మిక సంఘాలు విప్లవాన్ని వదిలేశాయన్నది ఈ విమర్శ సారాంశం. విమర్శించినవారు చాలావరకు ఆ పార్టీల్లోనే పెరిగినవారు. పల్నాడులో ఇది ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టలేదు, భూమి దగ్గరా అడవి దగ్గరా పుట్టింది. అడవిలో పశువుల మేతకు విధించిన పుల్లరి పన్ను కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలైన నేల ఇది.

1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు పడ్డాయి, 196 స్థానాల్లో గెలిచినవి మాత్రం 15. ఆ ఓటమి తర్వాత పార్టీలో దారి గురించిన వాదన ముదిరింది. 1964 జులైలో, పల్నాడు అప్పట్లో భాగంగా ఉన్న గుంటూరు జిల్లాలోనే, తెనాలిలో జరిగిన సదస్సు చీలికకు బాట వేసింది. ఆ ఏడాది చివర కలకత్తా మహాసభతో మార్క్సిస్టు పార్టీ (సీపీఎం) వేరుపడింది. కాంగ్రెసుతో రాజీపడుతోందని, రివిజనిజంలో కూరుకుపోయిందని అది సీపీఐని తప్పుపట్టింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ మాట దాని మీదికే వచ్చింది. కేంద్ర కమిటీ సిద్ధాంత ముసాయిదాను 1968 జనవరిలో పాలకొల్లు ప్లీనంలో ఆంధ్ర శాఖ తిరస్కరించింది. ఏప్రిల్‌లో బర్ద్వాన్‌లో జరిగిన కేంద్ర ప్లీనంలో ఆ ముసాయిదాయే నెగ్గింది. తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య బయటికొచ్చి కమ్యూనిస్టు విప్లవకారుల సమన్వయ కమిటీ కట్టారు.

ఈ చరిత్రలో పల్నాడు పేరు నిలిచిపోవడానికి కారణం గుత్తికొండ బిలం. పిడుగురాళ్ల దగ్గరి ఆ గుహలో 1969లో నక్సల్బరీ ఉద్యమ నేత చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో రహస్యంగా సమావేశమయ్యారు. నాగిరెడ్డి వర్గం అప్పటికే ఆయనకు దూరమైంది. కార్మిక సంఘాలు, ప్రజా సంఘాలు ఉద్యమకారులను చట్టం చట్రంలో బిగిస్తాయని, గెరిల్లా పోరాటమే ముందని మజుందార్ వాదన. జనాన్ని కూడగట్టకుండా తుపాకి పట్టడం తప్పని నాగిరెడ్డి వర్గం వాదన. పార్లమెంటరీ మార్గాన్ని ఇరుపక్షాలూ తిరస్కరించారు, సంఘం ఎందుకన్న ప్రశ్న దగ్గర విడిపోయారు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఇక్కడి వామపక్ష చరిత్రలో అన్నిటికన్నా లోతైన చీలిక ఇదే.

సంఘాల మీద విమర్శకు పాత మూలాలున్నాయి. జీతం బేరానికే పరిమితమైన ఉద్యమాన్ని లెనిన్ 1902లోనే ఆర్థికవాదమని తప్పుపట్టాడు. మన దేశంలో 1920లో పుట్టిన కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీ సీపీఐ వెంట ఉండిపోగా, 1970లో మార్క్సిస్టులు సీఐటీయూ ఏర్పరిచారు. పార్టీ చీలితే కార్మికులూ చీలాలా అన్నది విమర్శకుల ప్రశ్న. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘం కార్యవర్గంలో సగం వరకు బయటివారిని అనుమతించింది, పార్టీ నాయకులే సంఘాల పెద్దలు కావడానికి అది వీలిచ్చింది. 2001 సవరణ ఆ వాటాను చాలా సంస్థల్లో మూడో వంతుకు లేదా ఐదుగురికి, ఏది తక్కువైతే దానికి, కుదించింది.

మాచర్లలో 1958లో మొదలైన కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ లాంటి చోట పర్మినెంటు కార్మికుడికి సంఘం, ఒప్పందం అందుతాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనో నాపరాయి క్వారీల్లోనో మేస్త్రీ పిలిస్తే పనికొచ్చే కూలీకి అవి అంత తేలిగ్గా అందవు. విమర్శకు బలం అక్కడే ఉంది. అయితే ఆ కూలీకి అడవి బాట చూపినవారి దగ్గరా రోజు కూలి గురించి జవాబు లేదు.

సత్తెనపల్లిలో 1985లో పుతుంబాక వెంకటపతి, 1994లో పుతుంబాక భారతి తెలుగుదేశం పొత్తుతో మార్క్సిస్టు ఎమ్మెల్యేలయ్యారు. సీట్ల కోసం పాలకవర్గ పార్టీని ఆశ్రయించారని విప్లవ వర్గాలు నిందించాయి. కాంగ్రెసును ఓడించడమే ఆనాటి కర్తవ్యమని పార్టీ సమర్థించుకుంది.

రెంటచింతల మండలం తుమృకోటకు చెందిన అక్కిరాజు హరగోపాల్, అంటే మావోయిస్టు నేత రామకృష్ణ, 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నల్లమల అడవి నుంచి బయటికొచ్చారు. చర్చలు 2005 జనవరికి తెగిపోయాయి. భూ పంపిణీపై ప్రభుత్వం వేసిన కోనేరు రంగారావు కమిటీ నివేదిక మాత్రం మిగిలింది. దాన్ని అమలు చేయాలంటూ 2007లో భూపోరాటానికి దిగింది, ఓట్ల పార్టీలని నిందపడ్డ సీపీఎం, సీపీఐలే. ఆ పోరాటంలోనే జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు.