మద్యవ్యసనము – విశ్వాసార్హత: విశాఖ రక్షణసంస్థల నేపథ్యమున ఒక పరిశీలన

తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానమై, 2009 జూలై 26న అణుజలాంతర్గామియగు అరిహంత్‌ను జలప్రవేశము చేయించిన విశాఖపట్టణమున, రక్షణసంస్థలలో కొలువు గోరు వాని పూర్వచరిత్రను గూర్చి పోలీసు విచారణ జరుగుట పరిపాటి. ఆ విచారణలో మద్యపానమున కెట్టి స్థానము గలదో పరిశీలించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

నౌకాదళమున యూనిఫారము ధరించినవారికి 1957 నాటి నౌకాదళచట్టము త్రాగి మత్తులగుటను నేరముగా నెంచినది. సివిలు ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర ప్రవర్తన నియమావళిలోని 22వ నియమము వర్తించును. స్థానిక మద్యచట్టమును పాటింపవలెననియు, విధినిర్వహణవేళ మత్తులో నుండరాదనియు, బహిరంగస్థలమున త్రాగరాదనియు, త్రాగి నలుగురిలో కనబడరాదనియు, మితిమీరి సేవింపరాదనియు దాని సారము. మొదటి నిబంధన విచిత్రమైనది. 1995 జనవరిలో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినందున, పర్మిటు లేని గుమాస్తా తన యింట పుచ్చుకొనిన ఒకే గ్లాసు 1996లో నియమోల్లంఘనమై, 1998లో ఏమియు గాకపోయెను! కడపటి నిబంధనయే అసలైనది. కాని మితిమీరిన త్రాగుడునకు ఇల్లాలో వైద్యుడో సాక్షి కావలెను గాని, ఠాణాలోని రికార్డు కానేరదు.

విచారణ యాధారపడునది ఆ రికార్డు మీదనే. నియామకమునకు ముందు నింపవలసిన ధ్రువీకరణపత్రము, ఎన్నడైన అరెస్టయితివా, కోర్టు జరిమానా విధించెనా యని యడుగును. సమాచారమును దాచుటయే అనర్హతయని హెచ్చరించును. నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండగా బండి నడుపుట మోటారు వాహనచట్టము 185వ సెక్షను క్రింద నేరము గనుక, బీచిరోడ్డున ఒకనాటి రాత్రి పట్టుబడి జరిమానా కట్టిన యువకుడు ఆ గడి వద్ద కలమాపి తల పట్టుకొనును. ఏండ్ల తరబడి నిత్యము త్రాగుచు ఎన్నడును పట్టుబడనివాడో, నిశ్చింతగా ‘లేదు’ అని వ్రాయును. అవతార్ సింగ్ కేసున 2016లో సుప్రీంకోర్టు, స్వల్పనేరమును దాచినను యజమాని క్షమింపవచ్చుననియు, నిజము చెప్పినను పూర్వచరిత్రను పరిశీలించు హక్కు యజమానికి గలదనియు తీర్పు చెప్పినది. మొదటి మాట ఊరట. రెండవది యువకుని భయమును తొలగింపదు.

అమెరికాలో 1953 నాటి అధ్యక్షుని ఉత్తర్వు మితిమీరిన అలవాటైన త్రాగుడును భద్రతాదృష్టితో పేర్కొనెను. 2017 నుండి అమలగు మార్గదర్శకములు అంతతో నాగక, వ్యసనము నంగీకరించి చికిత్స పొంది నిగ్రహము చూపినవానికి సానుకూలతను కల్పించినవి. మన పత్రమున కోర్టుకును అరెస్టుకును గడులు గలవు గాని, ఇట్టి కోలుకొనుటకు గడి లేదు.

విశాఖ నేర్పిన పాఠము వేరొకటియు గలదు. 2019 డిసెంబరున నౌకాదళ రహస్యములు పొరుగుదేశమునకు చేరవేసిరను అభియోగముపై కొందరు నావికులు అరెస్టయిన కేసున, దర్యాప్తు సంస్థలు చెప్పిన ఎర మద్యము కాదు. సోషల్ మీడియాలోని మారుపేరు స్త్రీలును, ధనమును. శత్రువు వెదకునది మనిషి దాచుకొనిన బలహీనతను. దాచుకొన్నంత కాలము త్రాగుడును అట్టిదే.

కావున రక్షణశాఖ ఆ పత్రమున స్వచ్ఛందముగా పొందిన చికిత్సను తెలుపు గడి చేర్చి, అది వెల్లడించిన కారణమున మాత్రమే ఎవనిని తిరస్కరింపరాదని స్పష్టముగా ఉత్తర్వు వెలువరింపవలెను.